సాధించిన సున్నా

తాళ్ళవంతెన కాలువగట్ల పరిరక్షణ మండలిలో సీనియర్ అసిస్టెంటు గవర్రాజు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గాలికి గానీ నీటికి గానీ ఏ అపకారమూ చేయలేదు. చివరికి అదే ఆయన కొంప ముంచింది.

ఆయన ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం కిలోమీటరున్నర. అంతా పాతకాలువ గట్టు మీద నడకే. పొద్దున తొమ్మిదింటికల్లా చేతిలో క్యారేజీ, చంకలో గొడుగు, జేబులో పాత పంచె చింపిన గుడ్డపీలికలు నాలుగు పెట్టుకుని బయల్దేరేవాడు. గట్టు వాలులో ఎక్కడైనా పీత బొరియ కనిపించినా, కొత్తగా చెమ్మ తేలినా, అక్కడొక పుల్ల గుచ్చి దానికి పీలిక కట్టేవాడు. ఆఫీసుకు చేరగానే మరమ్మతుల మేస్త్రీకి చెప్పేవాడు. మేస్త్రీ మనుషులు పీలిక జాడ పట్టుకుని వెళ్ళి, ఆ బొరియలో బంకమట్టి దట్టించి వచ్చేవారు.

నిజానికది లస్కరు చేయవలసిన పని. గట్టు మీద తిరుగుతూ కాలువను కనిపెట్టుకుని ఉండడానికి పెట్టుకున్న మనిషి లస్కరు. తాళ్ళవంతెన లస్కరు రిటైరై పన్నెండేళ్ళయింది. గట్లు బాగానే ఉన్నాయి కదా, ఇంకా లస్కరెందుకని మండలి ఆ పోస్టు ఎత్తేసింది. గట్లు ఎందుకు బాగున్నాయని ఎవరూ అడగలేదు, గవర్రాజు చెప్పనూ లేదు. ఆయనది సిబ్బంది విభాగం. సెలవులూ ఇంక్రిమెంట్లూ చూసే మనిషికి కాగితం మీద గట్లతో ఏ సంబంధమూ లేదు.

గవర్రాజుకు ఉన్న ఆశల్లా ఒక్కటే. పంతొమ్మిదేళ్ళుగా ఆయన బల్ల సూపరింటెండెంటు కుర్చీకి ఎదురుగా ఉంది. ఈ పంతొమ్మిదేళ్ళలో ఎక్కడెక్కడి నుంచో నలుగురు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. నలుగురూ మొదటి రోజు “ఈ ఫైలేమిటండీ గవర్రాజు గారూ?” అని ఆయన్నే అడిగి పని నేర్చుకున్నారు. ఇప్పుడున్న చిట్టెబ్బాయి గారు జులై ఆఖరుకు రిటైరవుతారు. సీనియారిటీలో తరవాతి పేరు గవర్రాజుదే. ఆ తరవాత ఏడాదికి ఆయనా దిగిపోతాడు. దిగిపోయే లోపల ఒక్కసారైనా ఫైలు పక్కన పొట్టి సంతకం కాకుండా కింద పూర్తి సంతకం పెట్టాలని ఆయన కోరిక. ఇంత చిన్న కోరిక పైకి చెప్పుకోవడానికి సిగ్గేసి, ఆయన దాన్ని భార్య వీరవేణికి మాత్రమే చెప్పుకున్నాడు.

ఉగాది వెళ్ళిన వారానికి ఆఫీసులో సర్క్యులరు దిగింది.

“స్వచ్ఛ గమన మహోద్యమమునకు సంబంధించి యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగియు తాను కార్యాలయమునకు వచ్చిపోవుటకై వినియోగించు ఇంధనమును సగమునకు తగ్గించి చూపవలెను. అందులకై విద్యుత్ కారు గాని, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు గాని ఎంపిక చేసుకొనవలెను. తగ్గింపు ధ్రువపత్రము లేని వారి పదోన్నతి పరిశీలింపబడదు. జతపరచిన నమూనాలో ఏ గడియు ఖాళీగా విడువరాదు.”

“ఎలక్ట్రిక్ అంటే తెలిసింది. ఈ రెండోదేటండీ?” అని గవర్రాజు చిట్టెబ్బాయి గారిని అడిగాడు.

“దానికి ప్లగ్గూ ఉంటదయ్యా, పెట్రోలు ట్యాంకూ ఉంటది. ఇంట్లో పొయ్యి పెట్టుకుని హోటల్లో ఖాతా కూడా తెరుచుకున్నట్టన్నమాట” అన్నారు చిట్టెబ్బాయి గారు. రిటైరయ్యే మనిషి కనక ఆయనకు సర్క్యులర్ల మీద ధైర్యం వచ్చింది.

గవర్రాజు నిజాయితీగా నమూనా నింపాడు. ఏడో గడి: నెలకు వాడు ఇంధనము. ‘సున్నా’ అని రాశాడు. ఎనిమిదో గడి: ఎంపిక చేసుకొన్న వాహనము. ‘నడక’ అని రాశాడు. తొమ్మిదో గడి: తగ్గింపు శాతము. అక్కడ కాసేపు ఆలోచించి ‘తగ్గించుటకు ఏమియు లేదు’ అని రాసి, ఒకింత గర్వంగానే పంపించాడు. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం.

మూడో రోజున ఉద్యమం ప్రత్యేకాధికారి నిరంజనకుమార్ గారి నుంచి పిలుపొచ్చింది. ఆయన్ని ఈ ఉద్యమం కోసమే రాజధాని నుంచి వేశారు. గది నిండా పచ్చరంగు కొట్టించి, కిటికీలకు పచ్చ తెరలు వేయించి, ఏసీ పెట్టుకుని కూర్చున్నారు.

“గవర్రాజు గారూ, జిల్లాలో నాలుగు వందల పన్నెండు మంది సిబ్బంది. అందులో తగ్గింపు చూపలేని ఉద్యోగి మీరొక్కరే. దీన్ని మీరెలా సమర్థించుకుంటారు?”

“నేను నడిచొస్తానండి.”

“గమనించాను. కానీ ఉద్యమం మిమ్మల్ని అడుగుతున్నది మీరేం చేస్తున్నారని కాదు, ఏం మానేస్తున్నారని. సున్నాలో సగం ఎంత?”

“సున్నాయేనండి.”

“అంటే ఆరు నెలల తరవాత కూడా మీరు ఉన్నచోటనే ఉంటారు. ప్రగతి ఏదీ?”

గవర్రాజుకు వాళ్ళ వీధిలో తాగుడు మానిన సుబ్బన్న గుర్తొచ్చాడు. మానినందుకు సుబ్బన్నకు శాలువా కప్పారు. జన్మలో చుక్క ముట్టని సుబ్బన్న తమ్ముడు ఆ సభలో బెంచీలు మోశాడు.

“మరి నన్నేం చెయ్యమంటారండి?”

నిరంజనకుమార్ గారి గొంతు మెత్తబడింది. ఆయన క్రూరుడు కాదు. నిబంధన లోపల ఎంత దయ చూపవచ్చో అంతా చూపే మనిషి.

“మీకొక ప్రాతిపదిక కావాలి. మూడు నెలలపాటు ఏదైనా ఇంధన వాహనంలో వచ్చిపొండి. నెలకు కనీసం వంద లీటర్లు. అంతకు తక్కువైతే మా విధానం గుర్తించదు. ప్రాతిపదిక ఏర్పడ్డాక కారు ఎంపిక చేసుకుని తగ్గించండి. ధ్రువపత్రం నేనే స్వయంగా ఇస్తాను.”

“కిలోమీటరున్నరకి వంద లీటర్లు ఎలా తాగిస్తానండి?”

“బైపాస్ లేదూ?” అన్నారు నిరంజనకుమార్ గారు.

వీరవేణి విని నోరెళ్ళబెట్టింది. “నడిచే మనిషిని నడవనియ్యకుండా, పొగ మానిపించడానికి ముందు పొగ పెట్టిత్తారా? ఆళ్ళకేవన్నా గాలి సోకిందేటండీ?”

“ఆ కుర్చీ కోసవేనే. మూడు నెల్లేగా” అన్నాడు గవర్రాజు. అన్నాడే గానీ ఆయనకే ఆ మాట రుచించలేదు.

వీరవేణి అన్నగారి దగ్గర ఒక డొక్కు డీజిలు జీపుంది. రొయ్యల మేత మోసీ మోసీ దానికొక వాసన పట్టింది. గవర్రాజు దాన్ని తెచ్చుకున్నాడు. రోజూ ఎనిమిదిన్నరకు ఇంట్లో బయల్దేరి, ఆఫీసు వైపు వీపు పెట్టి ఊరి బయటికి పోయి, బైపాస్ ఎక్కి, ఊరు చుట్టూ ప్రదక్షిణం చేసి తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరేవాడు. ఒక వైపు ఇరవై రెండు కిలోమీటర్లు. జీపు నల్లటి పొగ వదులుతూ ఆవరణలోకి రాగానే నిరంజనకుమార్ గారు కిటికీ తెర తొలగించి తృప్తిగా చూసేవారు. మొదటి నెల నూట ఇరవై రెండు లీటర్లయింది. “శభాష్!” అని ఆయన స్వదస్తూరీతో రాశారు.

ఆ మూడు నెలల్లోనే జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలారు. ఏటా నీళ్ళొచ్చిన కొత్తలోనే బొరియలు బయటపడతాయి. గవర్రాజుకు బైపాస్ మీద జీపు తోలుతుంటే అరచేతులు దురద పెట్టేవి. రెండుసార్లు మేస్త్రీని పిలిచి గట్టు చూసి రమ్మన్నాడు. “పీలికలెక్కడ కట్టేరో చెప్పండి, ఎల్లొత్తాం. ఊరికే గట్టంతా ఎవరెతుకుతారండి?” అన్నాడు మేస్త్రీ. అదీ నిజమే. ఒక ఆదివారం గట్టు మీదికి వెళ్దామని చెప్పులు వేసుకున్నాడు గానీ, ఆ నెల లీటర్లు తక్కువ పడి, జీపెక్కి బైపాస్ మీద రెండు చుట్లు తిరగవలసి వచ్చింది.

జులైలో కారు ఎంపిక. గవర్రాజు ముందుగా తోటివాళ్ళను విచారించాడు. హైబ్రిడ్ తీసుకున్నవాళ్ళు డిక్కీ తెరిచి చూపించారు. ప్లగ్గు తీగ ప్లాస్టిక్ కవరు విప్పకుండా కొత్త పెళ్ళికూతురులా పడుకుని ఉంది. “పెట్రోలు పోసుకుంటే ఎల్లిపోతుంది కదండీ, ఈ తాడెవడు లాగుతాడు?” అన్నారు. ఎలక్ట్రిక్ తీసుకున్నవాళ్ళు ఆఫీసు వెనకాల కొత్తగా కట్టిన ఛార్జింగు మండపం చూపించారు. మండపానికి చోటు చాలక కాలువగట్టు అడుగున మూడడుగులు తవ్వారు. తవ్వించింది కాలువగట్ల పరిరక్షణ మండలే గనక అనుమతికి ఇబ్బంది రాలేదు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా కరెంటు కోత. ఆ మూడు గంటలూ మండపం పక్కన డీజిలు జనరేటరు గుడగుడలాడుతూ పద్దెనిమిది కార్లకు స్వచ్ఛమైన కరెంటు పోసేది.

“దీనికీ డీజిలే కదండీ?” అని గవర్రాజు ఉండబట్టలేక అడిగాడు.

“జనరేటరు ఎక్కడికీ ప్రయాణం చేయదు. మన ఉద్యమం గమనానికి సంబంధించినది” అన్నారు నిరంజనకుమార్ గారు.

ఎంపిక సంఘం ముందు గవర్రాజు కేసు రెండు గంటలు నలిగింది. రోజుకు నలభై కిలోమీటర్ల లోపు తిరిగేవారికి ఎలక్ట్రిక్ అర్హత, యాభై దాటినవారికి హైబ్రిడ్ అర్హత. గవర్రాజుది నలభై నాలుగు.

“నలభైకీ యాభైకీ నడుమ నివసించే ఉద్యోగిని మార్గదర్శకాలు ఊహించలేదు” అన్నారు ఒక సభ్యుడు, గవర్రాజు ఏదో తప్పు చేసినట్టు.

“నేను నివసించేది రానూపోనూ మూడు కిలోమీటర్లలోనండి” అన్నాడు గవర్రాజు.

“మీ ఇల్లెక్కడున్నదన్నది ఇక్కడ అప్రస్తుతం” అన్నారు రెండో సభ్యుడు.

చివరికి నిరంజనకుమార్ గారే దారి చూపించారు. తిరుగు ప్రయాణంలో బైపాస్ ఆఖరిదాకా పోకుండా చేపల మార్కెట్టు దగ్గర దిగిపోతే ముప్ఫై తొమ్మిదవుతుంది. ఎలక్ట్రిక్ మంజూరు. సంఘం బల్లలు చరిచింది.

గవర్రాజుకు ఒక్క సందేహం మిగిలింది. “ఎలక్ట్రిక్ అయితే నేను వాడే ఇంధనం ఎంతవుతుందండి?”

“సున్నా.”

“ఆ సున్నా ఉగాదికే ఉంది కదండీ నా దగ్గర.”

నిరంజనకుమార్ గారు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. “అది ఊరికే ఉన్న సున్నా గవర్రాజు గారూ. ఇది సాధించిన సున్నా.”

“పోనీ, ధ్రువపత్రం వచ్చేక మళ్ళీ గట్టు మీద నడవచ్చాండి?”

“మీరు నడిస్తే కారు తిరగదు. కారు తిరగకపోతే తగ్గింపు కారు వల్ల జరిగిందని ఎలా రుజువవుతుంది? ఏడాదిపాటు కారు మీటరు తిరగవలసిందే.”

కారొచ్చింది. తెల్లగా, చప్పుడు లేకుండా, బొమ్మలా ఉంది. కారుకేం, మంచి కారే. గవర్రాజుకు దాని మీద కోపం లేదు. ఆగస్టు రెండో వారానికి ధ్రువపత్రం వచ్చింది, ఆ వెనకే ప్రమోషను కాగితం వచ్చింది. సోమవారం పొద్దున వీరవేణి నుదుట బొట్టు పెట్టి పంపితే, ముప్ఫై తొమ్మిది కిలోమీటర్ల ఖాతా తెరిచి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒక వైపు కుంగి ఉంది. ఎదురుగా కూర్చున్న పంతొమ్మిదేళ్ళూ ఆ సంగతి తెలియలేదు. అయినా మొదటి ఫైలు కింద పూర్తి సంతకం పెట్టినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.

గురువారం పదకొండింటికి ఛార్జింగు మండపంలో సన్మాన సభ. నూట ఇరవై రెండు లీటర్ల నుంచి సున్నాకు దిగిన గవర్రాజు జిల్లా మొత్తానికి ‘ఆదర్శ తగ్గింపుదారు’గా ఎంపికయ్యాడు. పెట్రోలు బైకు మీద వచ్చి నెలకు పది లీటర్లు మాత్రమే తగ్గించగలిగినవాళ్ళు కింద కూర్చుని అసూయగా చూస్తున్నారు. నిరంజనకుమార్ గారు మైకు అందుకున్నారు.

“ఒకప్పుడు ఈ మనిషి దగ్గర తగ్గించడానికి ఏమీ లేదు. నిరాశపడ్డాడా? లేదు. కష్టపడి సంపాదించాడు. సంపాదించి త్యజించాడు...”

వేదిక కింద నీళ్ళు కనిపించాయి.

“ఎవరయ్యా కుళాయి కట్టకుండా వదిలేసింది?” అన్నారు నిరంజనకుమార్ గారు మైకులోనే.

గవర్రాజు ఆ నీళ్ళ రంగు చూశాడు. ఒండ్రు రంగు. కుళాయి నీళ్ళు కావవి. “గండి! గట్టెక్కండి!” అని అరిచి లేచాడు. మెడలో దండ మెడలోనే ఉంది. మండపం వెనక, మూడడుగులు తవ్విన చోట, గట్టు బుసబుసమని జారి, కాలువ ఆవరణలోకి వచ్చేసింది. జనం కుర్చీలు తోసుకుని అటు చివర నుంచి గట్టు మీదికి పాకారు. మనుషులందరూ బతికి బయటపడ్డారు. పద్దెనిమిది కార్లూ కడుపు దాకా నీళ్ళలో నిలబడ్డాయి. జనరేటరు ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

కాలువ ఆవరణతో ఆగలేదు. పల్లం పొలాల్లోకి దిగింది. నాట్లకు సిద్ధంగా ఉన్న నారుమళ్ళు గంటలో మాయమైపోయాయి. గట్టు మీద తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడ్డ ఒక ముసలి రైతు, దండతో ఉన్న గవర్రాజును పోల్చుకున్నాడు.

“ఏటండీ గవర్రాజు గారూ, ఈ ఏడు నీళ్ళొదిలేక ఒక్కనాడూ గట్టు మీద కనబళ్ళేదు? ఒంట్లో బాగోలేదేవో అనుకున్నావండి.”

బాగానే ఉందండీ, కారొచ్చిందండీ అని చెప్పలేక గవర్రాజు దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముసలాయన నారు పోయిన వైపు చూస్తూ, “మీరు పీలిక కట్టిన చోటల్లా మావూ ఓ పార మట్టి ఏసేవోళ్ళవండి” అన్నాడు. ఆయన మాటలో నిందేమీ లేదు. ఉంటే గవర్రాజుకు కాస్త తేలికగా ఉండేది.

విచారణ సంఘం వచ్చింది. పదిహేను రోజులు విచారించి, ‘పీతలు అనుమతి లేకుండా బొరియలు ఏర్పరచుకొనుటయే గండికి మూలకారణము’ అని తేల్చింది. మండపం తవ్వకం ప్రస్తావన నివేదికలో లేదు, ఎందుకంటే ఆ తవ్వకానికి అనుమతి ఉంది. కార్లన్నీ బాగుచేతకు పోవడంతో, ఆఫీసు దారి ఇంకా బురదలోనే ఉండడంతో, ఆ నెలంతా సిబ్బంది అందరూ చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నడిచి వచ్చారు. నెలాఖరుకు ఇంధన వినియోగం పూర్తిగా సున్నా అయింది. రాష్ట్రంలో ఏ ఆఫీసూ ఇంత తగ్గించలేదని తాళ్ళవంతెనకు ప్రథమ బహుమతి ఇచ్చారు. నిరంజనకుమార్ గారు నడుము దాకా బురదతో వెళ్ళి బహుమతి అందుకున్నారు. అదీ సాధించిన సున్నాయే మరి.

విచారణ వల్ల ఒక్క మేలు జరిగింది. లస్కరు పోస్టు మళ్ళీ మంజూరయింది. కార్తీకంలో నూకరాజు అనే మనిషి చేరిక పత్రం పట్టుకుని సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, ఎండకు కమిలి, కాలువ మీద పుట్టినవాడిలా ఉన్నాడు. వచ్చేటప్పుడే రెండు బొరియలు చూశానని మేస్త్రీకి చెప్పి మరీ లోపలికొచ్చాడు. గవర్రాజుకు మనిషి వెంటనే నచ్చాడు.

చేరిక పత్రంతో పాటు పచ్చ నమూనా కూడా ఉంది. నింపడం గవర్రాజు విధి.

“ఆఫీసుకి ఎలా వచ్చేవు?”

“నడిచేనండి.”

గవర్రాజు కలం ఏడో గడి మీద ఆగిపోయింది. నమూనాకు పిన్ను చేసి నిరంజనకుమార్ గారి కొత్త ఉత్తర్వు ఉంది. ప్రాతిపదిక చూపలేని కొత్త ఉద్యోగి సర్వీసు క్రమబద్ధం కాదు. నడక చెల్లదు. కింద సూపరింటెండెంటు పూర్తి సంతకం కావాలి.

“నూకరాజూ,” అన్నాడు గవర్రాజు, ఎక్కడో విన్న గొంతుతో, “నీకొక ప్రాతిపదిక కావాలయ్యా.”

“ఏటండదీ?”

గవర్రాజు అంతా వివరించాడు. జీపు, బైపాస్, వంద లీటర్లు, మూడు నెలలు. ఆ తరవాత ఎలక్ట్రిక్కా, హైబ్రిడ్డా అన్నది. నూకరాజు మర్యాదగా ఆఖరిదాకా విన్నాడు.

“ఆయ్. సిత్తం. అయితే బాబూ, నేను బైపాస్ మీద తిరుగుతుంటే గట్టు మీద ఎవరు తిరుగుతారండి?”

గవర్రాజు కుర్చీలో వెనక్కి వాలాడు. కుర్చీ కుంగిన వైపుకి ఒరిగింది. కిటికీ లోంచి కొత్తమట్టి పోసిన గట్టు కనిపిస్తోంది. ఆయన సొరుగు లాగి రెండు తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది జీపుది. దీని మీద నీ ప్రాతిపదిక. ఇది నా కారుది. బాగుచేయించి ఇచ్చేరు, దీని మీటరు కూడా తిరగాలి. పొద్దున జీపులో ఒక చుట్టు, మధ్యాన్నం కారులో ఒక చుట్టు తిరిగిరా. చేపల మార్కెట్టు దగ్గర దిగిపోవడం మరిచిపోకు, ముప్ఫై తొమ్మిది దాటకూడదు.”

“మరి తవరో?”

గవర్రాజు నమూనా కింద పూర్తి సంతకం పెట్టాడు. తొమ్మిది గడుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. తరవాత సొరుగు అడుగున వెతికి గుడ్డపీలికలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి తాళ్ళవంతెనలో లస్కరు ఊరు చుట్టూ వాహనాలు తోలుతున్నాడు. సూపరింటెండెంటు గారు పొద్దునా సాయంత్రం చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద లస్కరు పని చేస్తున్నారు.